నాయనమ్మ వాటా: హోం లోన్‌తో ఇల్లు కొంటూ లాయర్‌ను వెతుక్కున్న ఒక కేసు

ఇల్లు కొనేవాళ్లకు అగ్రిమెంట్ దగ్గర్నుంచి తాళాలు చేతికొచ్చే దాకా పక్కనుండి సలహా ఇవ్వడం నా పని. అంతకు ముందు చాలాకాలం ఒక బ్యాంకులో హోం లోన్ ఫైళ్లు చూశాను కాబట్టి, బ్యాంకు ప్యానెల్ లాయర్ల (లోన్ ఇచ్చే ముందు ఆస్తి కాగితాలు చూడటానికి బ్యాంకు పెట్టుకునే లాయర్ల) రిపోర్టులో ఏం ఉంటుందో, ఏం ఉండదో నాకు బాగా తెలుసు. ఫీజు కొనేవాళ్ల దగ్గరే తీసుకుంటాను. అమ్మేవాళ్ల నుంచి గానీ, బ్యాంకు నుంచి గానీ, లాయర్ల నుంచి గానీ కమీషన్ తీసుకోను. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఊరు గుంటూరే. పేట, ఉద్యోగాలు, కొన్ని సంవత్సరాలు మార్చాను. వాటాల లెక్క, పనులు జరిగిన వరస మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పదేళ్లుగా అద్దె ఇల్లు. ఇన్నర్ రింగ్ రోడ్డుకు అవతల ఒక పాత కాలనీలో కింద ఇల్లు, పైన ఒక పోర్షన్ ఉన్న ఇండిపెండెంట్ ఇల్లు నచ్చింది. ధర 78 లక్షలు. బ్యాంకు 55 లక్షల లోన్ ఇస్తానంది. మిగతా 23 లక్షలు వాళ్లవి: దాచుకున్నవి కొన్ని, చీటీ పాడినవి కొన్ని, ఆవిడ బంగారం మీద తెచ్చినవి కొన్ని. దీనికి తోడు రిజిస్ట్రేషన్ ఖర్చు. స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం కలిపితే 7.5 శాతం, అంటే 5 లక్షల 85 వేలు. ఇది లోన్‌లో రాదు, చేతి నుంచే పెట్టుకోవాలి.

అమ్మేవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల అమ్మ. స్థలం 1991లో తండ్రి కొన్నాడు, ఇల్లు కూడా ఆయనే కట్టాడు. 2014లో వీలునామా రాయకుండా పోయాడు. పెద్దవాడు బెంగుళూరులో, చిన్నవాడు గుంటూరులోనే. అమ్మేసి పంచుకుందామనుకున్నారు. మంచి కుటుంబం. ఈ కేసు మొత్తంలో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యాలనుకోలేదు. ఇది ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే లాయర్ కావాలంటే చాలామంది ‘వాళ్లు అలాంటి మనుషులు కాదండీ’ అంటారు. మనుషులు మంచివాళ్లయినా కాగితంలో లోటు లోటే.

5 లక్షలు బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నారు. రాసింది మధ్యవర్తి చూపించిన డాక్యుమెంట్ రైటర్. 90 రోజుల గడువు. గడువులోగా కొనేవాళ్లు మిగతా సొమ్ము చెల్లించకపోతే బయానా పోతుందని ఒక షరతు. లోన్ రాకపోతే ఏమిటి, హక్కుల్లో లోటు బయటపడితే ఏమిటి అన్న మాట ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

సమస్య

నా దగ్గరికి వచ్చేసరికి 90 రోజుల్లో దాదాపు సగం అయిపోయాయి. చేతిలో మూడు అభిప్రాయాలున్నాయి. బ్యాంకు ప్యానెల్ లాయర్ ‘క్లియర్’ అని రిపోర్టు ఇచ్చారు, లోన్ శాంక్షన్ అయింది. మధ్యవర్తి పంపిన లాయర్ కూడా ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్నారు. భార్య పెదనాన్న గారికి తెలిసిన ఒక సీనియర్ సివిల్ లాయర్ మాత్రం 1991 దస్తావేజు చూసి ‘వదిలెయ్యండి, ఈ ఇల్లు వద్దు’ అన్నారు.

భర్త నన్ను అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: “ఇద్దరు బాగుందంటున్నారు, ఒకరు వద్దంటున్నారు. మెజారిటీ తీసుకోవాలా సార్?”

వెంటనే ఇల్లు మంచిదా కాదా అన్నదానిలోకి నేను దిగలేదు. ముందు ఒక్కో లాయర్ ఏ ప్రశ్నకు జవాబు చెప్పారో విడదీద్దామన్నాను. ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే లెక్కపెట్టొచ్చు. ఇక్కడ ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు.

బ్యాంకు లాయర్ ఎవరి సొమ్ముకు కాపలా

ప్యానెల్ లాయర్ ఫీజు మన ఖాతాలోంచే కట్ అవుతుంది. అందుకే ఆయన మన లాయరనిపిస్తుంది. ఆయన క్లయింటు బ్యాంకు. చాలా చోట్ల ఆ రిపోర్టు కాపీ కూడా మనకివ్వరు. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఆ పని స్వభావమే అది. ‘ఈ ఆస్తిని తాకట్టు పెట్టుకుని ఇంత అప్పు ఇస్తే, రేపు కట్టకపోతే మా సొమ్ము మాకొస్తుందా’ అన్నది బ్యాంకు అడిగే ప్రశ్న. దానికి ఆయన నిజాయితీగా జవాబు చెప్తాడు.

ఆ ప్రశ్నకూ మన ప్రశ్నకూ మధ్య ఎంత దూరముందో ఈ కేసులో అంకెల్లోనే కనిపించింది. తర్వాత బయటపడిన లోటు ఇంట్లో ఆరో వంతు. 78 లక్షల్లో ఆరో వంతు అంటే 13 లక్షలు. ఆ 13 లక్షలూ పోయినా మిగిలిన ఆస్తి విలువ 65 లక్షలు, బ్యాంకు అప్పు 55 లక్షలు. కాగితం మీద బ్యాంకు సొమ్ముకు ఢోకా లేదు. పోయేది మొత్తం ఈ దంపతుల 23 లక్షల్లోంచే. కోర్టు చుట్టూ తిరుగుతూ కూడా నెలనెలా ఈఎంఐ కట్టాలి. నష్టం వచ్చినప్పుడు ముందు కరిగేది కొనుక్కున్నవాళ్లు చేతి నుంచి పెట్టిన మార్జినే.

ఈ లెక్క వేసి చూపించాక ఆవిడ చాలాసేపు ఆ కాగితం వంక చూసి, “అయితే బ్యాంకు లీగల్ అయిందంటే మాకు అయినట్టు కాదన్నమాట” అన్నారు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ నా టేబుల్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పాలనుకున్న మాట అదే.

ఇంకొకటి. ప్యానెల్ లాయర్‌కు ఒక ఫార్మాట్ ఉంటుంది: ఫలానా సంవత్సరాల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఇంటి పన్ను రశీదు, ప్లాన్ అప్రూవల్, యజమాని చనిపోతే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఈ ఫైల్లో అవన్నీ ఉన్నాయి. 13 ఏళ్ల ఈసీ తీస్తే నిల్ వచ్చింది. కొనేవాళ్లకు నిల్ ఈసీ చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. తండ్రి చనిపోయి ఆస్తి వారసులకు రావడం ఏ రిజిస్టర్‌లోనూ పడదు. రిజిస్టర్ చెయ్యని వీలునామా, కోర్టులో నడుస్తున్న పార్టిషన్ సూట్ (వాటాల పంపకం దావా), నోటిమాట పంపకం ఇవేవీ పడవు. ఈ ఇంటికి యజమాని మారింది సరిగ్గా ఈసీకి కనిపించని దారిలో.

మొదటి ఇద్దరు సొంత లాయర్లు

మధ్యవర్తి పంపిన ఆయన గురించి ఎక్కువ రాయాల్సిన పని లేదు. విచారిస్తే, అమ్మేవాళ్ల ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అర్జీ పెట్టించింది ఆయనే. అవతలి పక్షం పని చేసిన మనిషి ఇవతలి పక్షానికి కూడా అభిప్రాయం చెప్పాడు. అదీ నోటిమాటే, కాగితం మీద ఒక్క వాక్యం లేదు. ఆయన చెప్పింది అబద్ధమని నేననడం లేదు. ఆ కాగితాలు ఆయన చేతి మీదుగానే తయారయ్యాయి కాబట్టి, వాటిలో ఏం లోపించిందో కొత్త కళ్లతో చూడగలిగిన మనిషి ఆయన కాదు.

సీనియర్ గారి విషయం వేరు. ముప్పై ఏళ్లుగా సివిల్ కోర్టులో పేరున్న మనిషి. 1991 దస్తావేజులో ఆయన పట్టుకున్నది నిజమైన విషయమే. అప్పట్లో స్థలం అమ్మింది భర్త పోయిన ఒకావిడ. తన తరఫునా, ఎనిమిదేళ్ల కొడుకు తరఫున గార్డియన్‌గానూ సంతకం పెట్టింది. కోర్టు అనుమతి తీసుకోలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 8 ప్రకారం మైనర్ స్థిరాస్తిని తల్లయినా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అలా అమ్మితే ఆ పిల్లవాడు అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. సీనియర్ గారు అక్కడ ఆగిపోయారు. లోటు కనిపించింది, వద్దన్నారు.

నాకు ఇబ్బందనిపించింది ఆ తర్వాతి మెట్టు లేకపోవడమే. వ్యాజ్యాలు నడిపే లాయర్ జీవితమంతా చెడిపోయిన కొనుగోళ్లనే చూస్తాడు. దస్తావేజులో గీత పడితే అది ఎక్కడికి దారితీస్తుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. కానీ కొనేవాళ్లకు కావాల్సిన జవాబు ఇంకాస్త ముందుకెళ్లాలి: ఈ లోటు ఇప్పటికీ బతికే ఉందా, ఉంటే ఎంత, సరిచెయ్యొచ్చా, ఎవరి సంతకంతో, ఎన్నాళ్లలో? ఆ పని చెయ్యడానికి ఆయనకు తీరిక లేదు. ఫైలు జూనియర్ చదివాడు, సీనియర్ చివరి మాట చెప్పారు.

మూడో లాయర్‌ను ఎంచుకున్న తీరు

మన దగ్గర ఇల్లు కొనడానికి లాయర్ ఉండి తీరాలన్న నియమం లేదు. బార్ కౌన్సిల్ నియమాల వల్ల లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. దాంతో జనం నలుగుర్ని అడిగి తెలుసుకోవడమే మిగిలింది. అడిగేటప్పుడు ‘మంచి లాయరేనా?’ అంటే ప్రతివాళ్లూ అవుననే చెప్తారు. ‘మీకు ఏ పని చేశారు, ఆ పనిలో మీకు తెలియనిది ఏం కనిపెట్టారు?’ అని అడగమన్నాను. ఇలా అడిగితే వచ్చే పేర్లు చాలా తగ్గిపోతాయి. విడాకుల కేసు బాగా నడిపినాయన, చెక్ బౌన్సు కేసు గెలిపించినాయన పక్కకు వెళ్లిపోతారు.

రెండు పేర్లు మిగిలాయి. ఇద్దరి దగ్గరికీ వెళ్లి ఒకే రకంగా మాట్లాడమన్నాను. ఈ లావాదేవీలో మీకు ఇంకెవరి నుంచైనా ఫీజు వస్తుందా? కాగితాలు మీరే చదువుతారా? అభిప్రాయం మా పేరు మీద రాతపూర్వకంగా, మీ సంతకం, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఇస్తారా? మీరు చూడనివి ఏమిటి? ఈ చివరి ప్రశ్న నాకు ముఖ్యం. స్థలం కొలవడం, కట్టడం ప్లాన్ ప్రకారం ఉందో లేదో చూడటం లాయర్ పని కాదు, దానికి సర్వేయరో ఇంజనీరో కావాలి. ‘అన్నీ నేనే చూసుకుంటా’ అనే లాయర్ కన్నా ‘ఇవి నా పని కాదు, వీటికి ఫలానా వాళ్లను పెట్టుకోండి’ అనే లాయర్ దగ్గర నాకు ధైర్యం ఎక్కువ.

మొదటాయన ఫీజు చాలా తక్కువ చెప్పి, జిరాక్సులు వాట్సాప్ చెయ్యమన్నారు, సాయంత్రానికల్లా చెప్పేస్తానన్నారు. రెండో ఆవిడ ఆఫీసు బ్రాడీపేటలో. ప్రాక్టీసు పదిహేనేళ్ల లోపే. ఫీజు సంగతి ఎత్తకముందు వీళ్లనే అరగంట ప్రశ్నలడిగారు. ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయి? మీరు చూశారా, జిరాక్సేనా? పైపోర్షన్‌లో ఎవరుంటున్నారు, వాళ్లతో అద్దె కాగితం ఉందా? అగ్రిమెంట్ తేదీ ఎంత, గడువు ఎన్నాళ్లుంది? ఆ అరగంటే మా నిర్ణయం. ఆవిడ అడిగిన ఫీజు మొదటాయన చెప్పినదానికి ఎన్నో రెట్లు. అయినా రిజిస్ట్రేషన్ ఖర్చులో పదో వంతు కూడా కాదు.

వయసు తక్కువని భర్త తటపటాయించారు. నా వాదన ఇది: ఇక్కడ వాదించి గెలిచే పని లేదు, ఓపిగ్గా చదివే పని ఉంది. రేపు నిజంగా వ్యాజ్యమే వస్తే అప్పుడు సీనియర్ గారి దగ్గరికే వెళదాం.

ఆవిడ అడిగిన ఒక ప్రశ్న

కాగితాలన్నీ చదివాక ఆవిడ అమ్మేవాళ్లలో చిన్నతమ్ముడిని కూడా రమ్మన్నారు. నేనూ ఉన్నాను. బల్ల మీద ఒక తెల్లకాగితం పెట్టి, పెన్సిల్‌తో పైన తండ్రి పేరు, కింద భార్య, ఇద్దరు కొడుకుల పేర్లు రాసుకున్నారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్నవి ఆ మూడు పేర్లే. తర్వాత తండ్రి పేరుకు పైన ఒక ఖాళీ గడి గీసి అడిగారు: “నాన్నగారు పోయేనాటికి మీ నాయనమ్మ గారు ఉన్నారా?”

“ఉందండి. నాన్న పోయాక మూడేళ్లు బతికింది. 2017లో పోయింది.”

“ఆవిడకు మీ నాన్నగారు కాక ఇంకా పిల్లలెవరు?”

“ఇద్దరు మేనత్తలండి. పెద్దత్త తెనాలిలో, చిన్నత్త హైదరాబాదులో ఉంటారు. ఇంటికీ వాళ్లకీ సంబంధం లేదండీ, ఇది నాన్న సొంతంగా కొన్నది.”

సొంతంగా కొన్నది కాబట్టే సంబంధం ఉంది. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం మగమనిషి వీలునామా లేకుండా పోతే అతని స్వార్జితం క్లాస్ 1 వారసులకు వెళ్తుంది. అందులో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంటుంది, సమాన వాటాతో. తండ్రి ఉండడు. మన ఇళ్లలో కూతుళ్ల వాటా గురించి ఇప్పుడు అందరికీ ఎంతో కొంత తెలుసు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా సవరణ తెచ్చారు, దేశమంతటికీ 2005లో వచ్చింది, పత్రికల్లోనూ చాలా చర్చ జరిగింది. అది పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు సంగతి. కొడుకు పోతే తల్లికి వాటా వస్తుందన్న మాట మాత్రం చాలామందికి తట్టదు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ముసలావిడను పక్కన కూర్చోబెట్టుకుని ‘నీ వాటా’ అని ఎవరంటారు?

లెక్క అదే కాగితం మీద వేశారు. 2014లో వారసులు నలుగురు: భార్య, ఇద్దరు కొడుకులు, తల్లి. తలా నాలుగో వంతు. 2017లో నాయనమ్మ పోయినప్పుడు ఆవిడ నాలుగో వంతు ఆవిడ వారసులకు వెళ్లింది, సెక్షన్ 15 ప్రకారం. ఇద్దరు కూతుళ్లకు రెండు వాటాలు, ముందే పోయిన కొడుకు తరఫున మనవలిద్దరికీ కలిపి ఒక వాటా. అంటే మేనత్తలకు తలా పన్నెండో వంతు, ఇద్దరికీ కలిపి ఆరో వంతు. సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్న ముగ్గురి చేతిలో ఉన్నది ఆరింట అయిదు వంతులే.

చిన్నతమ్ముడి మొహం చూస్తే అతనికి ఇది నిజంగా ఇప్పుడే తెలిసిందని అర్థమైంది. “అత్తలు ఎప్పుడూ అడగలేదండీ” అన్నాడు.

ఇక్కడ మా లాయర్ చెప్పిన తర్కం ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చే భాగం. రెండు లోట్లున్నాయి, రెంటినీ కాలంతో కొలవాలి. 1991లో ఎనిమిదేళ్లున్న పిల్లవాడికి 2001లో మేజారిటీ వచ్చింది. గార్డియన్ చేసిన అమ్మకాన్ని రద్దు చేయించుకోవడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 60 అతనికిచ్చిన గడువు అక్కడి నుంచి మూడేళ్లు. 2004తో అది ముగిసింది. ఆవిడ ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసుల వెబ్‌సైట్‌లో) పేర్లతో వెతికారు, కోర్టు రికార్డుల్లో పాత దావా ఏదైనా ఉందేమో చూశారు, ఏమీ దొరకలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ స్థలంలో ఈ కుటుంబమే ఇల్లు కట్టుకుని, పన్ను కట్టుకుంటూ ఉంది. సీనియర్ గారు పట్టుకున్న లోటు ఒకప్పుడు పెద్దదే, ఇప్పుడు దానికి పళ్లు లేవు.

మేనత్తల వాటా అలా కాదు. వాళ్లు సహ యజమానులు. ఒక సహ యజమాని ఇంట్లో ఉంటే మిగతావాళ్ల తరఫున కూడా ఉన్నట్టే చట్టం చూస్తుంది. ‘నీకు హక్కు లేదు పో’ అని బాహాటంగా కాదన్న రోజు నుంచి తప్ప వాళ్ల మీద గడువు లెక్క మొదలవదు. వాళ్లు పదేళ్లు అడగకపోయినా, వాళ్ల పిల్లలు ఆ తర్వాత అడిగినా పార్టిషన్ దావా వెయ్యొచ్చు. భయంగా కనిపించిన లోటు చచ్చిపోయింది, ఎవరి కంటా పడనిది బతికి ఉంది. మొదటి ముగ్గురు లాయర్లలో ఇద్దరు రెండో దాన్ని చూడలేదు, ఒకరు మొదటి దాని దగ్గరే ఆగిపోయారు.

మిగతా వెతుకులాట త్వరగా అయిపోయింది. ఈ స్థలం సెక్షన్ 22-ఏ కింద రిజిస్ట్రేషన్ చెయ్యకూడదని పెట్టిన నిషేధిత ఆస్తుల జాబితాలో లేదు. పాత ఈసీ కూడా తీయించారు. సెర్సాయ్‌లో (తాకట్లు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీలో) ఈ ఇంటి మీద వేరే తాకట్టు నమోదై లేదు. 1991 ఒరిజినల్‌ను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తీసిన నకలుతో పక్కపక్కన పెట్టి పోల్చారు, సరిపోయింది.

ఏది ముందు, ఏది తర్వాత

అందరికీ ముందు తట్టిన పని మేనత్తల దగ్గరికి వెళ్లడం. మా లాయర్ ఆపారు. ముందు అగ్రిమెంట్ సరిచేద్దామన్నారు. గడువు దగ్గర పడుతోంది. అత్తలు ఆలస్యం చేస్తే, అన్నదమ్ములకు చిరాకొచ్చి వెనక్కి తగ్గితే, కాగితం ప్రకారం బయానా పోయేది వీళ్లది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం హక్కులో ఉన్న లోటు చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది, లోటు వల్ల కొనుగోలు ఆగితే ఇచ్చిన బయానాకు కొనేవాళ్లకు రక్షణ ఉంది. అయినా ఆ రక్షణ కోర్టుకెళ్లి తెచ్చుకోవాల్సిందే. అదే మాట అగ్రిమెంట్‌లో ఉంటే ఇంట్లోనే తేలిపోతుంది.

లాయర్ నోటీసు పంపుదామా అని భర్త అడిగారు. మా లాయర్ వద్దన్నారు, నేనూ అదే అన్నాను. నోటీసు వెళ్తే అన్నదమ్ములు ఇంకో లాయర్ దగ్గరికి వెళ్తారు, అక్కడి నుంచి ఉత్తరాలే నడుస్తాయి. పైగా ఈ పని జరగాలంటే వాళ్లు మేనత్తల గుమ్మం ఎక్కి మంచిగా అడగాలి. మనమీద కోపంతో ఉన్న మనిషి మనకోసం అత్తను బతిమాలడు. అందుకే ఎదురెదురుగా కూర్చుని సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాసుకున్నాం. గడువు 60 రోజులు పెంచారు. నాయనమ్మ వారసులందరి సంతకాలు తెచ్చే బాధ్యత అమ్మేవాళ్లది. హక్కులో లోటు వల్ల గానీ, ఆ కారణంగా బ్యాంకు సొమ్ము విడుదల చెయ్యకపోవడం వల్ల గానీ కొనుగోలు ఆగితే బయానా మొత్తం తిరిగివ్వాలి. పెద్దవాడు బెంగుళూరు నుంచి వచ్చి సంతకం పెట్టాడు.

ఆ తర్వాతే అన్నదమ్ములిద్దరూ తెనాలి వెళ్లారు. వెళ్లొచ్చాక చిన్నవాడు చెప్పిన మాట నేను రాసి పెట్టుకున్నాను. పెద్దత్త అందట: “తమ్ముడు చెమటోడ్చి కట్టుకున్న ఇల్లురా, నాకు పైసా వద్దు. కానీ అమ్ముతున్నామని ముందు నాకో మాట చెప్పాల్సింది.” చిన్నత్తకు డబ్బు అవసరం ఉంది, తన వాటాకు కొంత అడిగింది. అది వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. కొనేవాళ్లను ఆ బేరంలోకి రానివ్వలేదు. ఒక్క షరతు మీద మాత్రం మా లాయర్ పట్టుబట్టారు: చిన్నత్తకు ఇచ్చేది ఏదైనా ఈ 78 లక్షల్లోంచే, దస్తావేజులో రాసి, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. చేతికి ఇచ్చి ‘సరే’ అనిపించుకుంటే రేపు ఆ ‘సరే’కి సాక్ష్యం ఉండదు.

అత్తలు ముందు విడిగా రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు దస్తావేజు) రాసిచ్చి, ఆ తర్వాత ముగ్గురు అమ్మడమా, లేక అయిదుగురూ ఒకే సేల్ డీడ్‌లో అమ్మకందారులుగా సంతకం పెట్టడమా అన్నది ఇంకో నిర్ణయం. రెండూ చెల్లుతాయి. రెండోదే తీసుకున్నాం. ఒక్క రోజులో, ఒక్క దస్తావేజుతో హక్కు మొత్తం చేతికొస్తుంది. పెద్దత్త తన వాటాకు ప్రతిఫలం వద్దనుకుని ఇష్టపూర్వకంగా సంతకం పెడుతున్నట్టు అందులోనే రాశారు. చిన్నత్త మోకాళ్ల నొప్పుల వల్ల రాలేనంటే హైదరాబాదు నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తామన్నారు. పనికొచ్చేదే, కానీ మా లాయర్ ఒప్పుకోలేదు. పెద్దవయసు మనిషి ఇచ్చిన పవర్ లింకుల్లో చేరితే, పదేళ్ల తర్వాత ఈ ఇల్లు ఇంకొకరు కొనేటప్పుడు వాళ్ల బ్యాంకు లాయర్ దాని గురించే అడుగుతాడు. చిన్నత్త ఒక పండక్కి గుంటూరు వచ్చేదాకా ఆగి, ఆ వారంలో పెట్టుకున్నాం. మెట్లు ఎక్కలేకపోతే ఇంటికే వచ్చి సంతకం తీసుకోమని సబ్ రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టుకునే వీలుంది, అది కూడా సిద్ధంగా ఉంచాం. ఆవిడ మనవడి చెయ్యి పట్టుకుని ఆఫీసుకే వచ్చారు.

బ్యాంకు వైపు చెప్పాల్సింది కొంచెం ఉంది. అమ్మేవాళ్లు ముగ్గురి నుంచి అయిదుగురయ్యారు కాబట్టి ప్యానెల్ లాయర్ అదనపు అభిప్రాయం రాయాలి. మా లాయర్ వారసుల పట్టిక, రెండు మరణ ధ్రువపత్రాలు జతచేసి ఆయనకు పంపారు. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు, ఫోన్ చేసి మరీ మంచి పని చేశారన్నారు. శాంక్షన్ గడువు పొడిగించమని ముందే ఉత్తరం పెట్టి ఉంచాం. డీడీలు ఎవరి పేరున ఎంత అన్నది దస్తావేజు డ్రాఫ్ట్ ఖరారయ్యాకే బ్యాంకుకు ఇచ్చాం. కొనుగోలు 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి కొనేవాళ్లు మినహాయించి కట్టే పన్ను) కట్టాలి. సొమ్ము అందుకునే ఒక్కొక్కరి పాన్ మీద విడివిడిగా కట్టాలి, ఒక్కరి పేరున మొత్తం కట్టేస్తే మిగతావాళ్లకు లెక్క కుదరదు. అది కూడా లాయర్ అడిగితేనే గుర్తొచ్చింది.

నేను దీన్నుంచి తీసుకున్నవి

ఈ కేసు తర్వాత కొనేవాళ్లకు నేను చెప్పే మాటల్లో వరస మారింది. లాయర్ సంగతి మొదటికొచ్చింది, లోన్ సంగతి రెండోది. బయానా ఇవ్వకముందే లాయర్ ఉంటే సప్లిమెంటరీ అగ్రిమెంట్ పనే ఉండేది కాదు. ఇంట్లో ఒక చావు జరిగి, ఆ తర్వాత పంపకం దస్తావేజు లేకుండా అమ్ముతున్న ఆస్తయితే మరీనూ. ఆ ఇంటి వంశవృక్షం పై తరం దాకా గీయించకుండా ఒక్క రూపాయి కదపొద్దంటాను. చనిపోయిన మనిషికి అమ్మ ఉందా, ఉంటే ఆవిడ ఎప్పుడు పోయింది, ఆవిడ పిల్లలెవరు అన్న మూడు ప్రశ్నలు ఎవరైనా అడగొచ్చు. వాటికి లాయర్ డిగ్రీ అక్కర్లేదు. జవాబును వాటాలుగా మార్చడానికి మాత్రం లాయర్ కావాలి.

లాయర్‌ను తూచేటప్పుడు ‘క్లియర్’ అన్నా, ‘వద్దు’ అన్నా ఆ ఒక్క ముక్క దగ్గర ఆగొద్దంటాను. లోటుంటే ఎవరిది, ఎంత వాటా, గడువు ముగిసిందా, ఏ సంతకంతో పోతుంది అన్నవి కాగితం మీద రాసిచ్చినవాళ్లే మన పని చేసినవాళ్లు. ఈ దంపతుల చేతిలో ఇప్పుడు తొమ్మిది పేజీల అభిప్రాయం ఉంది, వాళ్ల పేరు మీద. 1991 మైనర్ అమ్మకం గురించి అందులో రెండు పేజీలున్నాయి, ఎందుకు భయం లేదో ఆర్టికల్ నంబరుతో సహా. దాన్ని సేల్ డీడ్ కాపీతో పాటే భద్రంగా పెట్టుకోమన్నాను. ఒరిజినల్స్ ఎలాగూ లోన్ తీరేదాకా బ్యాంకులోనే ఉంటాయి.

సీనియర్ గారికి ఈ అభిప్రాయం చూపించమని నేనే పంపాను. పెదనాన్న గారి ద్వారా పరిచయమైన మనిషి, వద్దన్నాక కొన్నారంటే మర్యాదగా ఉండదు. ఆయన మొత్తం చదివి, లిమిటేషన్ లెక్క సరిగ్గా ఉందన్నారు. నాయనమ్మ వాటా పేజీ దగ్గర మాత్రం ఆగి, ఆ లాయరమ్మ ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు.